మాళాకు పెట్టిన పేరు

తెల్లారగానే ముంబై చాల్‌లోని తమ ఒంటిగది ఖోలీ నడుమ పీట వేసుకుని జొన్నరొట్టెలు కొట్టడం రత్నాబాయికి పెండ్లయిన నాటి నుంచి అలవాటు. కూతురు మనాలి ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్‌కు చేరినంక ఆ నడుమ చోటు ఆమెది కాకుండా పోయింది. నేలంతా పెద్ద పెద్ద కాగితాలు, అట్టముక్కలతో నిలబెట్టిన గోడలు, జిగురు డబ్బాలు. పిండి పడితే పాడైతయని బిడ్డ అంటే, పీట తీసుకుని చాల్ జనమంతా నడిచే గ్యాలరీలోకి వచ్చింది. ఇప్పుడు అక్కడ కొట్టిన రొట్టెను చేతుల మీద మోసుకుంటూ లోపలికి పోయి పెనం మీద వేస్తుంది, మళ్లీ బయటికొస్తుంది.

పక్క ఖోలీ గంగాబాయి నీళ్ల బకెట్ దించి నవ్వింది.

"ఏం వదినె, ఇండ్లు సర్దే చదువన్నవు. ముందుగాల నిన్నే బయటికి సర్దిందా?"

"సర్దనీ. చదువు అయ్యేదాకనే గద."

"పర్దాలు కుట్టుడుకు గింత చదువా?"

"పర్దాలు కాదే. లోపల మనిషి ఎట్ల బతుకుతడో చూసి గీస్తరట."

ఆ మాట రత్నాబాయి సొంతం కాదు, పెనిమిటి శంకర్రావుది. వాడకట్టులో ఎవరడిగినా ఆయన అట్లనే చెప్పేవాడు. వర్లిలో ఒక ఆఫీసుకు రాత్రి వాచ్‌మన్. పొద్దున వచ్చి, రొట్టె తిని, ఇనుప నిచ్చెన ఎక్కి మాళా మీద పండుకునేవాడు. మాళా అంటే ఎంతో లేదు, తలుపు పైన గోడకూ గోడకూ నడుమ పరిచిన చెక్కలు. కూర్చుంటే తల కప్పుకు తగులుతుంది. కింద బిడ్డ చదువుకుంటుంటే గురక వినబడొద్దని మొహం మీద తువ్వాలు కప్పుకునేవాడు. పోయిన వానాకాలంలో దగ్గుతో ఆస్పత్రికి పోయిన మనిషి తిరిగి రాలేదు. పరుపు పరిచింది పరిచినట్టే ఉంది.

ఒక సాయంత్రం మనాలి కాగితం విప్పింది.

"మమ్మీ, ఇటు రా. ఇది మన ఖోలీ. ఉండే ఇల్లు గీయమన్నరు కాలేజీల."

రత్నాబాయి కొంగుకు చేతులు తుడుచుకుని సంబరంగా వచ్చి కూర్చుంది.

"ఇది తానాల మోరి. ఇది వంట గట్టు. ఇది నువ్వు పండుకునే జాగా. ఇది నేను చదివే జాగా." వేలు పైకి జరిగింది. "ఇది స్టోరేజ్."

"అంటే?"

"సామాన్ పెట్టే జాగా."

"అది మీ పప్పాది గదనే."

"పప్పా ఇప్పుడు లేడు గద మమ్మీ. ఉన్నోళ్లనే చూపియ్యాలె."

బిడ్డ చెప్పింది అబద్ధం కాదు. అబద్ధమైతే రత్నాబాయి కొట్లాడేది. కాగితంలో చెప్పులకు చోటుంది, బకెట్‌కు చోటుంది. ఈ చదువు కోసం రాత్రులన్నీ మేల్కొన్న మనిషికి లేదు.

శనివారం కాలేజీ మేడమ్ ఖోలీ చూడడానికి వస్తుందని తెలిసింది. ఆ పొద్దున మేడమ్‌ను తోలుకొచ్చేందుకు బయలుదేరుతూ మనాలి అప్పజెప్పింది.

"పైన పరుపు చుట్టేసి ఎవరికన్న ఇచ్చెయ్. కింది పెట్టెలు మాళా మీదికి ఎక్కియ్. కాగితంల ఉన్నట్టే ఉండాలె మమ్మీ. లేకుంటే కొలతలు కూడ ఉత్తగనే గీసిన్నంటది. నా ఏడాది పోతది."

"ఊఁ."

రత్నాబాయి ఇల్లు ఊడ్చింది. మోరిని బ్రష్ పెట్టి తోమింది. స్టవ్ తుడిచి, మంచి కప్పులు కడిగి బోర్లించింది. పెట్టెలను మంచం కింది నుంచి గుంజి నిచ్చెన కాడికి తెచ్చింది. పైకి ఎక్కి, ఆయన పోయినంక మొదటిసారి ఆ పరుపు మీద కూర్చుంది. దుప్పటి వాసన చూసింది. దుమ్ము వాసనే తప్ప ఆయనది ఏమీ మిగల్లేదు. తర్వాత దుప్పటి దులిపి, ముడత లేకుండా మళ్లీ పరిచి, దిగింది.

గంగాబాయి తలుపులోంచి తొంగి చూసింది. "పెట్టెలు ఎక్కియ్యాల్నా? చెయ్యి వెయ్యనా వదినె?"

"వద్దు."

"బిడ్డ చెప్పిపోయిందిగా?"

"చెప్పింది."

"మరి?"

"చెప్పినయన్ని చేస్తనే ఉన్న గద, ఇన్నేండ్ల సంది."

గంగాబాయి తన ఖోలీలోకి వెళ్లిపోయింది. కింద మెట్ల దగ్గర మనాలి మేడమ్‌తో మరాఠీలో మాట్లాడుతోంది, చూసి ఎక్కమంటోంది. రత్నాబాయి చాయ్‌కి నీళ్లు పెట్టింది. పెట్టెలు నేల మీదనే ఉన్నాయి.