బొటనవేలి కింద బటన్

ఆఫీసులో ఆమెను అందరూ కామా అంటారు. ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే ఒక్క కామా మరిచిపోయి సైటు మొత్తాన్ని పడుకోబెట్టిన ఘనురాలు మరి! పదకొండేళ్లుగా వెబ్ పేజీలు రాస్తోంది. బ్రౌజర్లంటే ఆమె లెక్కలో ఒకే ఇంట్లో ఐదుగురు తోడికోడళ్లు. నియమాల పుస్తకం ఒక్కటే, అందరూ చదివినవాళ్లే, తీరా పనిలోకి దిగితే ఎవరి అర్థం వాళ్లది. ఐదుగురూ సరేననందే ఏ పేజీనీ గడప దాటనివ్వదు.

ఆ రోజు తొమ్మిదింటికి డయాలసిస్ కేంద్రం బుకింగ్ పేజీ తెరుచుకోవాలి. రాసింది ఆమే. అక్కడ కుర్చీలు తక్కువ, రోగులు ఎక్కువ. పోయిన నెల ఒక విడత తప్పినందుకే ఆమె బాబాయికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. అందుకే ఈ పేజీ మీద ఆమెకంత పంతం.

ఎనిమిదిన్నరకు ఐదు బ్రౌజర్లలోనూ పేజీ చక్కగా వచ్చింది. కామా కుర్చీతో సహా గిర్రున తిరిగింది. ముందుగా చూడమని బాబాయికి కూడా లింకు పంపింది. కాసేపటికి పక్కవీధి నుంచి, పిన్ని ఫోన్లోంచి ఆయన గొంతు.

"అమ్మాయ్, పేరు రాశా, రోజు ఎంచుకున్నా. నొక్కాల్సింది ఏదే?"

"కింద పచ్చగా ఉంటుంది చూడు బాబాయ్."

"కింద నా బొటనవేలుంది. అది పచ్చగా లేదు."

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రెండేసి మెట్లు దిగుతూ పక్కవీధికి పరుగెత్తింది. బాబాయి పాత ఫోను చూడగానే నెత్తి కొట్టుకుంది. తెర ఎత్తంతా కావాలని పేజీ అడిగింది. బ్రౌజర్ ఇచ్చినట్టే ఇచ్చి, అడుగున తన అడ్రసు పట్టీ పరుచుకుని కూర్చుంది. బటన్ దాని కింద! పెద్ద తెర మీద బ్రౌజర్ కిటికీని ఫోనంత సన్నగా లాగి, అదే ఫోన్ అనుకోవడం ఈ వృత్తివాళ్లకే చెల్లిన తప్పు.

కనబడేంత ఎత్తే చాలని కొత్త నియమం రాసింది. ఆ పాత బ్రౌజర్‌కు అది తెలియదు, చెవిన పెట్టలేదు. ఇక ఎత్తు సంగతే తీసిపారేసి, బటన్‌ను తేదీ గడి కిందే నిలబెట్టి, మళ్లీ సైటుకెక్కించింది.

"వచ్చిందే! పచ్చగా వచ్చింది!"

"తొమ్మిది కానివ్వు బాబాయ్, అప్పుడే నొక్కకు!"

ఐదు నిమిషాలు ముగ్గురూ గడియారం చూశారు. తొమ్మిది కొట్టగానే బాబాయి నొక్కాడు. మంగళవారం, ఉదయం ఏడు, నాలుగో కుర్చీ. కామా కేక పెట్టి పిన్నిని వాటేసుకుంది.

బాబాయి మాత్రం అప్పటికే డయాలసిస్‌లో పక్క కుర్చీలో కూర్చునే టైలరుకు ఫోన్ కలిపాడు.

"ఏమోయ్, నీకు పచ్చది కనబడిందా?"

కామా పిన్నిని వదిలేసింది. ఆ టైలరుదీ ఇలాంటి పాత ఫోనే అయితే?

"కనబడింది, నొక్కేశా కూడా," అంది అవతలి గొంతు.

ఆమెకు ఏడుపొచ్చింది అప్పుడు.