అనుమానాల పుట్ట చేతి సూది

మా అన్న కూతురికి ఇంట్లో మేం పెట్టిన పేరు అనుమానాల పుట్ట. తాళం వేసి నాలుగడుగులు వెళ్లాక వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే రకం. డాక్టరయ్యాక కూడా ఆ బుద్ధి మారలేదు.

నేను దర్జీని. నోరు మూసుకుని కుట్టడం చేతకానివాణ్ణి. అలాంటివాడికి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, మాట మాటకీ ఆయాసం పట్టుకుంది. ఇలా మూగవాడిలా బతకడం కూడా ఒక బతుకేనా అని కుమిలిపోయాను. సూదితో నీరు తీస్తే తేలికపడుతుందన్నారు. కానీ సూది ఊపిరితిత్తిలోనే దిగితే?

మా అన్న కూతురే నన్ను కూర్చోబెట్టి, వీపుకి చల్లటి జెల్ రాసి, స్కానింగ్ తెర మీద నీరెక్కడుందో చూసి పెన్నుతో గుర్తు పెట్టింది. సామాను సర్దుకునేలోపు నడుము లాగి నేను కాస్త పక్కకి ఒరిగాను. తను వచ్చి, నన్ను లేపి కూర్చోబెట్టి, మళ్లీ జెల్ అందుకుంది. నాకు ఒళ్లు మండింది.

"గీత గీశాక... మళ్లీ కొలతలేంటే? మా కొట్లో అయితే... ఈపాటికి కత్తెర పడేది."

"గుడ్డ ఊపిరి పీల్చదు బాబాయ్. నువ్వు పీలుస్తావు. పైగా కదిలావు."

తెర నావైపు తిప్పింది. పెన్ను గుర్తు కింద ఇప్పుడు నీరు లేదు. నేను ఊపిరి వదిలినప్పుడల్లా కాలేయం అక్కడికి పైకొస్తోంది. తను పాత గుర్తు తుడిచేసి, ఇంకాస్త పైన చోటు చూసి, మత్తిచ్చి, సూది మొనను తెర మీద చూస్తూనే దించింది. నీరు గొట్టంలోంచి సీసాలోకి జారింది. కాసేపటికి నాకు దగ్గు తెర వచ్చింది. వెంటనే ఆపేసింది.

"లోపల ఇంకా ఉందిగా, అదీ లాగెయ్."

"దగ్గొచ్చిందంటే ఇవాళ్టికి చాలని. ఆశపడకు."

సూది తీశాక, ఊపిరితిత్తి బాగానే ఉందో లేదో అని మరోసారి స్కాన్ చేసి, అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూస్తే గర్వంతో నా గుండె నిండిపోయింది.

తర్వాత వంతు పక్క మంచం ఆయనది. "మీ డాక్టరమ్మ చూసిందే చూస్తోంది. చేతకాదేమోనండీ?" అన్నాడు బెరుగ్గా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "చేతకాకపోవడమేంటండీ, తను పెట్టిన గుర్తునే తను నమ్మకుండా మళ్లీ చూసింది కాబట్టే నేనిలా కూర్చుని మీతో వాదిస్తున్నాను, అది మా అన్న కూతురు, భయపడకుండా వెళ్లి వీపు చూపించండి!"

అంతా అనేశాకగానీ నాకు తెలియలేదు, గుక్క తిప్పుకోకుండా అన్నానని.