వెనక సీటు మీది షేర్వానీ

అరవైల్లో మాట. కొత్తగా పెళ్ళయిన మేమిద్దరం మోటార్‌సైకిల్ మీద హైదరాబాదు నుంచి షోలాపూర్ వెళుతున్నాం. జహీరాబాద్‌లో చాయ్ హోటల్ దగ్గర ఆగితే దారి గతుకులకు నడుము పట్టేసిన మా ఆవిడ బెంచీ మీద కూర్చోలేక నిలబడే తాగింది. "ఇక్కణ్ణుంచి నేను బస్సులో వస్తాను" అంది.

హోటలాయన భార్య అది విని, లోపలినుంచి పాతబట్టల బొంత తెచ్చి, మడతలేసి వెనక సీటు మీద తాడుతో బిగించింది. "జర కూసొని చూడు బిడ్డా. వాపస్ వచ్చేటప్పుడు ఇద్దువుగాని."

"దాంట్ల నా పెండ్లి షేర్వానీ ఉన్నది" అన్నాడు హోటలాయన.

"ఉంటే ఏమాయె? మెత్తగున్నది గద."

తర్వాత ఆమె గుడ్డపేలికలో రూపాయి బిళ్ళ చుట్టి మా ఆవిడ కుడిచేతికి కట్టింది. ప్రయాణమయ్యేవాళ్ళకు వాళ్ళ ఇళ్ళల్లో అలా కడతారట. క్షేమంగా చేరాక ఆ బిళ్ళ పేదవాళ్ళకు ఇవ్వాలట. నేనూ చెయ్యి చాపాను. ఆమె నన్ను దాటి వెళ్ళి రెండోది బండి హ్యాండిల్‌కు కట్టింది.

"బిడ్డను మోసేది ఇదే గద" అంది.

షోలాపూర్ దాకా మా ఆవిడ బస్సు మాట ఎత్తలేదు. గతుకు తగిలినప్పుడల్లా ఆ షేర్వానీ మీద బెంగపడింది నేనే.