డాక్టరమ్మ అడిగింది ఆమెను

నా భార్యకు వచ్చిన బీపీ చేతికి పట్టీ కట్టి చూస్తే తెలిసేది కాదు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండేది. సిరిసిల్లలో మా ఇంటి మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోయేది. మరమగ్గాల షెడ్డు నుంచి వచ్చిన నేను, బద్ధకమనుకుని విసుక్కునేవాణ్ణి. జబ్బు పేరు తెలిసేసరికి బాగా ముదిరిపోయింది.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో కొత్త మందును పరీక్షిస్తున్నారంటే తీసుకెళ్లి చేర్పించాను. చిన్న మిషన్‌లో పోస్తే ఆ మందు ఆవిరై వచ్చేది. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాలి. అది పనిచేస్తుందో లేదో ఇంకా చూస్తున్నామని, ఏ చిన్న ఇబ్బందినీ దాచవద్దని డాక్టరమ్మ మా ఇద్దరికీ వివరంగా చెప్పింది. నా బుర్రకెక్కింది ఒక్కటే: ఇబ్బంది ఉందంటే మందు ఆపేస్తారు.

కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక సాయంత్రం తంగళ్ళపల్లి వైపు బ్రిడ్జి మీద నాతోపాటు కొంత దూరం నడిచింది కూడా. ఆ తర్వాతే, పీల్చాక కళ్లు తిరుగుతున్నాయని చెప్పడం మొదలుపెట్టింది. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎట్లా ఉందని డాక్టరమ్మ ఆమెనే అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"మంచిగనే ఉన్నది మేడం. ఏం తక్లీఫ్ లేదు."

డాక్టరమ్మ మళ్లీ ఆమెనే అడిగింది. ఆమె నా ముఖం చూసి తలూపింది. పెళ్లయినప్పటి నుంచీ అంతే. బ్యాంకులో అయినా, రేషన్ షాపులో అయినా ఆమెను అడిగితే చెప్పేది నేను.

తిరుగు బస్సులో సిద్దిపేట దాటాక ఆమె నా వైపు తిరిగి, "బీమారి నాకు, జవాబులన్నీ నీయి. గా మందు గూడ నువ్వే పీల్చరాదూ?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

తర్వాత కోరుట్లలో చెల్లెలి ఇంటికి పోయి, అక్కడ వాకిట్లోనే కుప్పకూలింది. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోతున్నామని మరదలు ఫోన్ చేసింది. నేను చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

మందు వల్లనో, జబ్బు వల్లనో నాకు తెలియదు. దినాలయ్యాక డాక్టరమ్మ ఫోన్ చేసి, అంతకుముందు కళ్లు తిరగడం లాంటిదేమైనా ఉండేదా అని అడిగింది. అదే మందు పీలుస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారంది. లేదని ఇప్పుడూ అనొచ్చు, ఎవరికీ తెలియదు.

"ఉండె మేడం. నాకు చెప్పింది. మీకు నేనే చెప్పనియ్యలే."

 డాక్టరమ్మ నెమ్మదిగా అడగసాగింది. ఎప్పటి నుంచి? ఎంతసేపు ఉండేది? కూర్చున్నప్పుడా, లేచినప్పుడా?

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నేను ఏనాడూ అడగలేదు.