మారెక్క సగం

తిప్పేస్వామి యాడికి పోయినా పెండ్లాం మారెక్క కంటే పదడుగులు ముందే నడుస్తాడు. పొద్దున్నే చేని గట్టు మీద కూర్చుని, మట్టిపెళ్లను వేళ్లతో చిదుపుతా, దారిన పోయేవాళ్లకు "నా చేను" అని చూపించడం ఆయనకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ పొద్దు రాప్తాడులో దస్తావేజులు రాసే నరసింహులు దగ్గరికి వీలునామా రాయించడానికి వచ్చినాడు. మారెక్కను బయట జెరాక్స్ అంగడి నీడలో నిలబెట్టి, ఐదెకరాలూ కొడుకులిద్దరికీ చెరిసగమని చిత్తుకాగితం మీద రాయించినాడు. తర్వాత నరసింహులు పాత దస్తావేజు తిరగేసి, రెండు ఫొటోలూ రెండు వేలిముద్రలూ ఉన్న పేజీ దగ్గర ఆగినాడు.

"ఏమప్పా, చేను ఇద్దరి పేర్ల మీద ఉండాది. నువ్వు నీ సగమే రాయగలవు."

"మా ఆడమనిషిది సాక్షి వేలిముద్ర కదన్నా?"

"కాదు. కొన్నది ఇద్దరూ. ఆమె సగం సంగతి ఆమే చెప్పల్ల. పిలుచు."

ఆ చేను కోసం ఇద్దరూ కలిసి పదేళ్లు క్వారీలో రాళ్లు కొట్టిన సంగతి తిప్పేస్వామికి అప్పుడు గుర్తొచ్చింది. తల వంచుకుని పోయి పిల్చుకొచ్చినాడు. మారెక్క చెప్పులు బయటే విడిచి గడప దగ్గరే నిలబడింది. నీ సగం ఎవరికి రాయాలని నరసింహులు అడిగితే మొగుని వైపు చూపిస్తా తడుముకోకుండా చెప్పింది.

"ముందు ఆయప్పకే రాయన్నా. బతికున్నన్నాళ్లు ఎవురి దగ్గరా చెయ్యి చాపగూడదు. పిల్లోల్లకు ఆ తర్వాత."

తిప్పేస్వామి రాయించిన చిత్తులో ఆమె పేరే లేదు. మారెక్కకు చదువు రాదు. అయినా ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆ కాగితం మీద కప్పినాడు.