కండక్టరమ్మ నీళ్ళ నడక

"ఆ నీళ్ళ నడక క్లాసులో మనల్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఎదురుపడితే ఏం చెప్తావమ్మా?"

"కడుపుతో ఉన్నానని చెప్తా. అయినా నేను చెప్పేదాకా ఆగుతుందా ఇది? నాకంటే ముందు నడుస్తోంది."

పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది తల్లి. కూతురికి నవ్వు రాలేదు. తల్లికి ఆరో నెల. తనకు అయిదో నెల.

తల్లి సిటీ బస్సులో కండక్టరు. పెళ్ళయిన కొత్తలోనే ఉద్యోగంలో చేరి, కిక్కిరిసిన జనాన్ని గదమాయించీ గదమాయించీ గొంతు పెంచుకుంది. డిపోలో ఆమెను అందరూ మైకు అంటారు. కూతురు చిన్నప్పుడు బడి వదిలాక ఆ బస్సులోనే వెనక సీట్లో కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఆ పిల్లే పెద్దదై ఇప్పుడు హైస్కూల్లో సైన్సు చెబుతోంది. పిల్లలు ఎలా పుడతారో పాఠం చెప్పేటప్పుడు ఏనాడూ తడబడలేదు. నలభై దాటిన తల్లి నెల తప్పిందని తెలిసిన రోజు మాత్రం తలుపు వేసుకుని కూర్చుంది. అత్తగారికి ఇంకా చెప్పనేలేదు.

నిలబడి చేసే ఉద్యోగం కదా, తల్లికి కాళ్ళు వాచాయి, నడుం పట్టేసింది. ఇద్దరినీ పరీక్ష చేసిన డాక్టరు, నీళ్ళలో నడిస్తే ఒంటి బరువు కీళ్ళ మీద పడదనీ, ఇద్దరికీ మంచిదేననీ చెప్పింది. అలా తల్లీకూతుళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళను ఈతకొలనులో నడిపించే ఒకే క్లాసులో చేరారు.

క్లాసు నడిపే ట్రైనరు ఒకప్పుడు నర్సు. కూతురు ఆమెను ప్రశ్నలతో వేపుకు తినేసింది. నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయి, క్లోరిన్ ఎంత కలుపుతారు, కాలు జారితే ఎవరు పట్టుకుంటారు. ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మరీ వేడి నీళ్ళు కడుపుతో ఉన్నవాళ్ళకు పనికిరావు, ఇవి అలాంటివి కావు. దూకకూడదు, కడ్డీ పట్టుకుని మెట్లు దిగాలి. నీళ్ళు ఛాతీ దాటకూడదు. కళ్ళు తిరిగినా, నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టు అనిపించినా వెంటనే ఆగి తనను పిలవాలి.

"మీరూ ఇక్కడేనా టీచర్‌గారూ?"

వెనక్కి తిరిగితే తమ బడిలో లెక్కలు చెప్పే టీచరు. ఆవిడకూ నెలలు నిండుతున్నాయి. చూపు మాత్రం తల్లి పొట్ట మీదే ఉంది. "ఈవిడ ఎవరు?"

"మా పిన్ని."

ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో కూతురికే తెలియలేదు. తల్లి ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూసింది.

"అవునమ్మా, పిన్నినే. నాకు అన్నీ కాస్త ఆలస్యం," అంటూ మెట్ల వైపు నడిచింది.

కాదని ఉంటే బాగుండేది. తల్లి అంత సులువుగా అబద్ధంలో తోడు రావడంతో కూతురికి చెవులు కాలిపోయాయి.

"జంటలుగా నడవండి," అంది ట్రైనరు, అందరూ నీళ్ళలోకి దిగాక. "కబుర్లు చెప్పుకుంటూ నడవాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం ఎక్కువైందని గుర్తు. అప్పుడు నెమ్మదించాలి."

కూతురు గబుక్కున లెక్కల టీచరు పక్కన చేరింది. అందరికీ జంట కుదిరింది, తల్లి ఒక్కతే మిగిలింది. "నేను నా బిడ్డతో మాట్లాడుకుంటాలెండి," అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు. బస్సులో మూల సీటు వాణ్ణి కూడా పలకరించే మనిషి పెదవులు బిగించుకుని, చిన్నవాళ్ళతో సమానంగా అడుగులు వేస్తోంది. నోరు తెరిస్తే నా కూతురు అన్న మాట ఎక్కడ జారుతుందోనని భయపడుతోందని కూతురికి తెలుస్తూనే ఉంది. తెలిసీ పరీక్ష పేపర్ల గురించి మాట్లాడుతూ నడిచింది.

కొలను చివర మలుపు తిరిగేసరికి తల్లి కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు పాలిపోయాయి. మొదటినుంచీ మాట్లాడని మనిషికి ఆయాసం వచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

"అమ్మా," అంది కూతురు. తర్వాత ఇంకా గట్టిగా, "అమ్మా."

కబుర్లన్నీ ఆగిపోయాయి. ట్రైనరు వచ్చి తల్లిని నెమ్మదిగా మెట్ల మీద కూర్చోబెట్టింది, నాడి చూసింది, గుక్కగుక్కగా మంచినీళ్ళు తాగించింది. నొప్పి ఉందా, బిడ్డ కదులుతోందా అని అడిగింది. కదులుతోందని తల్లి తల ఊపింది. ఇవాళ్టికి ఇక చాలని, ఇంటికి వెళ్తూ డాక్టరుకు చూపించుకోమని చెప్పింది ట్రైనరు.

లెక్కల టీచరు పక్కనే నిలబడి ఉంది. కూతురు ఆమె వైపు తిరిగింది.

"మా అమ్మండీ. ఇందాక అబద్ధం చెప్పాను."

ఆవిడ "అయ్యో, పర్వాలేదు," అని నీళ్ళవైపు చూసింది. ఆ పర్వాలేదు అన్న మాట కూతురికి చెంపదెబ్బలా తగిలింది.

డాక్టరు అంతా బాగానే ఉందని, అలసటేనని చెప్పి పంపింది. ఆటో ఎక్కాక తల్లి అడిగింది.

"నేనంటే అంత సిగ్గుగా ఉందా నీకు?"

కూతురు తల ఎత్తలేదు. "ఉండేదమ్మా. ఇప్పుడు నన్ను చూసుకుంటేనే సిగ్గుగా ఉంది."

"నాకు లేదనుకున్నావా? బస్సెక్కినవాళ్ళు లేచి కండక్టరుకే సీటిస్తున్నారు. ఆ సీటు వద్దనలేను, కూర్చోలేను." కూతురి వైపు తిరిగి అంది. "ఒక్కటి విను. ఆయాసం వస్తే ఆగి, పైకి చెప్పెయ్. పక్కనెవరున్నారో చూడకు. ఇవాళ నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. నువ్వు మాత్రం చెప్పు."

తర్వాతి క్లాసులో కూతురు తల్లి పక్కనే నడిచింది. తల్లి డిపో కబుర్లు చెబుతూనే ఉంది, అందరూ వింటున్నారు. కాసేపటికి కూతురికి మాట తెగింది. లెక్కల టీచరు వెనకే వస్తోంది. మొహం వేడెక్కినా కూతురు కడ్డీ పట్టుకుని నిలబడింది.

"నాకు ఆయాసంగా ఉంది. ఆగుతున్నాను," అంది, అందరికీ వినబడేలా.