ఎడారి ఆట మీద పెద్దమ్మ తీర్పు

మా పెద్దమ్మ పోయింది. కరీంనగర్ ఆస్పత్రిలో, మధ్యాహ్నం అన్నాల వేళ. అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసి "అక్క పోయిందిరా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటల గురించి ఆడేవాళ్లు రాసి పంపే అభిప్రాయాలను చదివి వినిపించే చిన్న చానల్ ఒకటి నేను నడుపుతానని మీలో కొందరికి తెలుసు. అందులో వెనక నుంచి తిట్లు వినిపించే గొంతు ఆమెది. ఆ గొంతు ఇక లేదని చానల్లో రెండు వాక్యాలు రాసి పెట్టాను. మొదట వచ్చిన జవాబు, "పెద్దమ్మ మళ్లీ ఎక్కడ లేస్తుంది? పాత స్థావరంలోనేనా?" ఆటలో చచ్చినవాడు కాసేపటికి తన స్థావరంలో లేచి నిలబడతాడు కదా, ఆ లెక్కన అడిగాడు. రెండో అతను, ఇది ఏదైనా కొత్త ఆటకు ప్రచారమా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాసేపయ్యాక, ఆమే ఉంటే వీళ్లిద్దరినీ మించిన మాట ఇంకొకటి అనేదని గుర్తొచ్చి ఆ జవాబులను తీసేయకుండా వదిలేశాను.

ఆమె మా అవ్వకు అక్క. పిల్లలు లేరు. పెద్దపల్లి దగ్గరి మా ఊరి నుంచి చదువు కోసం కరీంనగర్ వచ్చి ఆమె ఇంట్లో దిగాను. చదువైపోయినా కదల్లేదు. ముందు గదిలో నా కంప్యూటర్, గుమ్మం దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఆమె. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం, ఇవన్నీ ఆమె చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి. కళ్లకూ నోటికీ పని లేదు. ఆ రెండింటినీ ఆమె నా ఆట మీద పెట్టింది.

మొదట్లో ఆమె మాటలు రికార్డులో పడకుండా తలుపు మూసేవాణ్ని. ఉక్కపోతకు ఓర్వలేక తెరిచిన రోజున ఒక మాట పడిపోయింది. నా సిపాయి గోడకు ఆనుకుని నక్కి ఉన్నాడు. "గంత బందూకు పట్టుకొని గోడకు ముద్దు పెడ్తడేందిరా" అంది. ఆ వారం ఆట బాగుందా లేదా అని ఎవరూ రాయలేదు. ఆ గొంతు ఎవరిదని అడిగారు. అప్పటి నుంచి మా పద్ధతి అదే అయింది. నేను ఒక అభిప్రాయం చదవాలి, చేతిలో ఉన్న బీడీ కట్టేలోపు ఆమె తీర్పు చెప్పాలి.

ఎక్కువ తీర్పులు మేము ఎడారి ఆట అని పిలుచుకునే ఆట మీదే. ఎక్కడా లేని ఒక ఇసుక దేశం, అందులో ఒక యుద్ధం. ఎటు పోవాలంటే అటు పోవచ్చు, జీపులో పోవచ్చు, హెలికాప్టర్లో పోవచ్చు, శత్రువుల స్థావరాలను ఒక్కొక్కటే పట్టుకోవాలి. దేశం పెద్దదే గానీ ఖాళీగా ఉందని కొందరు రాసేవారు. తుపాకుల మోత బ్రహ్మాండం, కథ మాత్రం నిద్ర తెప్పిస్తుందని ఇంకొందరు. కథ బాగాలేదన్నవాడిని కథ గావాల్నంటే మీ అమ్మమ్మ పక్కన పండుకో పొమ్మంది. శత్రువులు గుడ్డివాళ్లలా తిరుగుతున్నారని రాసినవాడితో, నీ అసొంటోడు వస్తుండని సిగ్గుకు కండ్లు మూసుకున్నరంది. ఉట్నూరులో జీపు నడుపుకునే ఒకాయన ప్రతి వారం రాసేవాడు. ఆటలో జీపు మలుపు దగ్గర తిరగబడుతోందని ఆయన ఫిర్యాదు. నీ జీపు దిగినోల్లు నేలకు దండం పెట్టుకుంటరేమో, ముందుగాల గది చూసుకో అంది. ఆయన నవ్వుకుని మళ్లీ వారం మళ్లీ రాశాడు.

అందరూ నవ్వుకోలేదు. మొదటిసారి రాసిన ఒకతన్ని ఆమె ఎంతగా చీల్చిందంటే అతను తన అభిప్రాయాన్ని తుడిపేసుకుని చానల్ వదిలి వెళ్లిపోయాడు. పోయిన మనిషి గురించి మంచే చెప్పాలంటారు, నేను దాచను, ఆమెకు దయ తక్కువ. నా మీద కూడా అంతే. నా గొంతు మేకపిల్ల గొంతులా ఉందని ఎవరో రాస్తే చానల్ మూసేద్దామనుకున్నాను. ఆమె మక్క గారెలు నా ముందు పెట్టి, "తిట్టినోడు నువ్వు చెప్పింది ఇన్నడు గదరా. ఇననోడు తిట్టడు" అంది. తర్వాత ఆ మేకపిల్ల మాట నిజమేనని కూడా చెప్పింది. ఈ రోజు నేను నలుగురి ముందు మాట్లాడగలుగుతున్నానంటే ఆ గారెల పుణ్యమే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

జర మెల్లగా అనరాదా పెద్దమ్మా అని ఒకసారి అడిగాను.

"నాకు ఎవలన్న మెల్లగ చెప్పిన్రా బిడ్డా?"

ఎవరూ చెప్పలేదు. పెద్దబాపు, అంటే ఆమె భర్త, నా చిన్నతనంలో గల్ఫ్ పోయాడు. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఒకడు జైల్లో ఉన్నాడన్నాడు, ఇంకొకడు గాలిదుమారం లేచిన రోజు క్యాంపు నుంచి బయటికి నడుచుకుంటూ పోయాడన్నాడు. ఆమె ఏజెంటు ఇంటి చుట్టూ, ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. పీనుగ దొరికితే కబురు చేస్తాం, ఊరికే రాకు అని ఒక గుమాస్తా టీ తాగుతూ చెప్పాడట. మా దిక్కు చాలా ఇళ్లకు మనుషులు పెట్టెల్లో తిరిగొచ్చారు. పెట్టె వచ్చినా సరే, ముఖం చూసి ఏడుస్తానని ఆమె అడిగేది. అదీ రాలేదు. పీనుగ రాలేదు కాబట్టి ఆమె బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు.

అది ఎవరికీ గిట్టలేదు. పసుపు బొట్టుకు పిలిచేవాళ్లు పక్కింటి దాకా వచ్చి ఆమె గుమ్మం తొక్కకుండా అవతలి ఇంటికి పోయేవాళ్లు. బతుకమ్మ ఆడేటప్పుడు ఆమెకు అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు ఎడం వదిలేవాళ్లు. అన్నిటికంటే పెద్ద పోరు ఆమె మరిదిది. పెత్రమాస నాడు మా దిక్కు చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తారు. ఆయన ప్రతి పెత్రమాసకూ వచ్చి, వదినె, అన్న పేరు మీద గూడ ఇద్దాం అనేవాడు. ఇస్తే పెద్దబాపు పోయినట్టు, ఆమె ముండమోసినట్టు. ఆయనేమీ దుర్మార్గుడు కాడు. ఇంట్లో బర్రె చచ్చినా, పిల్ల సంబంధం తప్పినా అన్న ఆకలితో తిరుగుతున్నాడని భయపడే మనిషి. ఆమె ఏటేటా ఒకటే జవాబు ఇచ్చేది. "పీనుగను చూపెట్టి బియ్యం అడుగు."

ఎడారి ఆట మొదలుపెట్టిన కొత్తలో ఇది ఏ దేశమని అడిగింది. ఉత్తుత్తి దేశమని చెప్పాను, నమ్మలేదు. పనోల్ల క్యాంపు దిక్కు పోనియ్యి అనేది. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా జీపు తోలి చూపించాను. కోటలున్నాయి, చమురు బావులున్నాయి, మేడలున్నాయి, క్యాంపు లేదు. ఇన్ని బంగ్లలు ఎవలు కట్టిన్రురా, పనోడు ఒక్కడు లేడు అని తీర్పు చెప్పింది. అది విని చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఒకసారి ఉట్నూరు ఆయన రాశాడు, "శత్రువును కాల్చి పక్కకు మళ్లి చూస్తే పీనుగ ఉంటలేదు. ఇసుకల కలిసిపోతుంది. గిదేం ఆట?" ఆ మాటకు వందల మంది వత్తాసు పలికారు. నిజానికి పడ్డవాళ్లందరినీ అట్టే ఉంచితే కంప్యూటర్ మోయలేదని ఆట చేసినవాళ్లే మాయం చేస్తారు. ఆ సంగతి నేను చెప్పబోతుంటే ఆమె అందుకుంది.

"ఓ జీపాయనా, గీ ఆటల గదొక్కటే నిజం. ఇసుకల పడ్డోడు గట్లనే పోతడు. ఎవ్వలకు దొరుకడు."

అని దారం తెంపి బీడీని కట్టలో వేసింది. మా చానల్లో అంతగా తిరిగిన మాట ఇంకొకటి లేదు. ఎవరో దాన్ని కత్తిరించి వెనక బాజా కూడా కలిపారు. కరీంనగర్ ఆటోల్లో, చాయ్ హోటళ్లలో అది వినిపించేది. ఆమె మరిది ఫోన్లోకి కూడా చేరింది.

కొన్ని నెలలకు ఆట చేసిన కంపెనీ ఆటను కొంత సవరించింది. ఇక నుంచి పడ్డవాడు పడ్డచోటే ఉంటాడు. ఆడేవాళ్లంతా పండగ చేసుకున్నారు, మనం అడిగాం, వాళ్లు ఇచ్చారని రాసుకున్నారు. ఆమెకు చూపిద్దామని ఒక శత్రువును పడగొట్టి, జీపులో చాలా దూరం పోయి, తిరిగొచ్చాను. వాడు ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు. ఇప్పుడు ఎట్ల ఉన్నడని అడిగింది. ఆడేవాళ్లందరూ అడిగితే మార్చారని చెప్పాను.

"అడిగితే పీనుగను ఇచ్చిన్రా?"

"ఇచ్చిన్రు పెద్దమ్మా."

"ఎవలను అడిగిన్రు? గా పేరు నాకు చెప్పు."

ఆట అని ఆమెకు తెలియక కాదు. తెలుసు. నా దగ్గర చెప్పడానికి పేరు లేదు. ఆ పూట నేను రికార్డు పెట్టలేదు. ఆమె లేచి వచ్చి తెర దగ్గర నిలబడి, వాని మొఖం దిక్కు తిప్పు అంది. తిప్పాను. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంది. ఆటలో అందరు శత్రువులకూ అదే గుడ్డ. కాసేపు చూసి పోయి చాట ముందు కూర్చుంది. ఆ ఆట మీద ఆమె మళ్లీ తీర్పు చెప్పలేదు. ఆ ఏడు పెత్రమాసకు మరిది వస్తే మాత్రం, పీనుగను చూపెట్టి అడుగు అని ఎప్పటి జవాబే చెప్పి పంపింది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఆడవాళ్లు స్నానం చేయించారు. ముత్తైదువను పంపినట్టు పంపాలని అవ్వ పసుపు, కుంకుమ, పచ్చ గాజులు పట్టుకుని వచ్చింది. మరిది అడ్డం నిలబడ్డాడు. బొట్టుతో పోతే అన్న బతికున్నట్టే, ఇగ ఆయనకు ఎప్పటికీ ఎవలు బియ్యమియ్యాలె, ఇద్దరి కార్యం ఇవాళే కానిద్దాం అన్నాడు. అక్క ఒప్పుకోలేదని అవ్వ ఏడ్చింది. ఆయన ఫోన్ తీసి పెట్టాడు. బాజాతో సహా ఆమె గొంతు ఆమె పక్కనే మోగింది. గదొక్కటే నిజం. ఇసుకల పడ్డోడు గట్లనే పోతడు. వాకిట్లో అందరూ విన్నారు. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆమె నోటి మాటనే ఉన్నది కదా అన్నారు.

అది ఆటలో మాట, తర్వాత ఇంకో మాట అడిగింది, పెత్రమాసకు మళ్లీ అదే జవాబు చెప్పింది, మీకే చెప్పింది కదా కాకా అని నేను అరిచాను. ఆయన నా వైపు చూసి నెమ్మదిగానే అడిగాడు.

"గది ఫోన్ల ఉన్నదా?"

లేదు.

పెద్దబాపు పేరున గడ్డితో మనిషి బొమ్మ కట్టారు, ఆయన పాత అంగీ తొడిగారు. బొమ్మను ఆమె కాళ్ల దగ్గర పెట్టి ముందు దానికి చేయవలసినవి చేశారు. తర్వాత ఆమె చేతి గాజులు పగలగొట్టారు. మణికట్టు బిగుసుకుపోయి ఉంటే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. మెట్టెలు సబ్బు రాసి లాగారు. అవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను అక్కడే నిలబడ్డాను, ఎవరో ఒకరు ఆమె వైపు నిలబడి చూడాలనిపించింది.

చివరికి మరిది భార్య తడిగుడ్డతో నుదుటి మీద కుంకుమ తుడిచింది. కుంకుమ పోయింది. దాని కింద, ఏళ్ల తరబడి పెట్టినచోటే పెట్టగా చర్మం నల్లబడి, బొట్టంత మచ్చ ఉంది. మరిది భార్య దాన్ని కూడా కుంకుమే అనుకుని మళ్లీ రుద్దింది. గుడ్డ పిండుకుని గట్టిగా రుద్దింది. పోకపోయేసరికి తలెత్తకుండా ఇంకిన్ని నీళ్లు తెమ్మంది.